ఖాళీ కనిపిస్తే కోత

వాసంశెట్టి వెంకట నాగ సత్య రాఘవులు ఒక్క మనిషేనన్న సంగతి మడికిపేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. బజారు సెంటర్లో మందుల షాపు మెట్ల పక్కన, లోపల కూర్చుంటే మోకాళ్ళు రోడ్డు మీదికి వచ్చేంత కొట్టులో, చేతిగడియారాలు బాగుచేస్తాడు. ఎడమకన్ను చిన్నప్పుడే గోటీబిళ్ళ దెబ్బ తిని అంతంతమాత్రం. కుడికంటికి భూతద్దం బిగించుకుని ఇన్నాళ్ళూ సంసారం ఈడ్చుకొచ్చాడు. ఇప్పుడు ఆ కుడికంటికే శుక్లం వచ్చింది. గడియారంలో చక్రాలన్నీ పాలల్లో పడ్డట్టు కనిపిస్తున్నాయి. బాగుచెయ్యమని ఇచ్చిన గడియారాలని జనం ఒక్కొక్కళ్ళే మొహమాటంగా వెనక్కి పట్టుకుపోతున్నారు.

పెద్దాసుపత్రిలో ఆపరేషను ఉచితం. రాఘవులు భార్య మంగతాయారుని వెంటబెట్టుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాడు. కౌంటర్లో అమ్మాయి అతని కార్డు నంబరు కొట్టి, తెర వంక చూసి, తలెత్తి అతని వెనకాల ఎవరున్నారా అని చూసింది.

"మిగతావాళ్ళు రాలేదాండీ?"

"ఎవరండీ మిగతావాళ్ళు?"

"మీరు అయిదుగురండీ. వాసంశెట్టి, వెంకట, నాగ, సత్య, రాఘవులు. ఆపరేషను వీళ్ళలో ఎవరికి?"

"అన్నీ నా పేర్లేనండి. కన్ను కూడా నాదేనండి."

"అట్లా అందరూ అంటారండీ," అందా అమ్మాయి జాలిగా. "మండలి ఆఫీసుకి వెళ్ళి తేల్చుకుని రండి."

ఈ మండలి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ప్రభుత్వంలో ఎవరికో ఒక ఉదయం మెలకువ వచ్చేసరికి, రాష్ట్రంలోని జనాన్నంతా ఒకే కంప్యూటరులోకి ఎక్కించాలన్న ఆలోచన వచ్చింది. వెంటనే ప్రజా వివరాల ఏకీకరణ మండలి పుట్టింది. దానికో మేడ పుట్టింది. ఆ మేడ మీద డైరెక్టరు పురంజయరావు గారు పుట్టారు. పాత లెక్కల్లో ఒక్కో కుటుంబంలోని పేర్లన్నీ ఒకే వరసలో ఉండేవి, మనిషికీ మనిషికీ నడుమ ఒక కామా ఉండేది. కంప్యూటరుకి మనిషి తెలియడు, పేరు తెలియదు, అక్షరాల దండ ఒక్కటే తెలుసు. ఆ దండని ఎక్కడ తెంపాలో మనమే చెప్పాలి. కామా దగ్గర తెంపమంటే కామా దగ్గర తెంపుతుంది. ఇంత చిన్న విషయానికి సమావేశం అక్కర్లేదని మీరూ నేనూ అనుకుంటాం. అందుకే మనల్ని డైరెక్టర్లని చెయ్యలేదు.

సమావేశం జరిగింది. జీడిపప్పు పకోడీలు వచ్చాయి. పురంజయరావు గారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. "కామా పరాయి చిహ్నం. అది దాస్యానికి తోక. పైగా ప్రతి కామాకీ సిరా వ్యయమవుతున్నది. శూన్యాన్ని లోకానికి ప్రసాదించిన జాతి మనది. అట్టి మనం మనిషికీ మనిషికీ నడుమ ఒక శూన్యాన్ని ఉంచలేమా? నేటినుండి మన విభాజకం ఖాళీయే. ఖాళీ కనిపించిన ప్రతిచోటా యంత్రం ఖండించుగాక," అన్నారు. చప్పట్లు మోగాయి. మర్నాటికల్లా రాష్ట్రంలోని కామాలన్నీ తుడిచేశారు. ఖాళీ కనిపించిన చోటల్లా యంత్రం కోసుకుంటూ పోయింది.

మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంటిపేరు ముందుంటుంది, తాత పేరు కలుస్తుంది, మొక్కుకున్న దేవుళ్ళంతా వెనకాల వరసకడతారు. యంత్రం ఒక్క దేవుణ్ణీ వదలకుండా మనిషిని చేసేసింది. శ్రీ అనే ఆయన ప్రతి ఇంట్లోనూ కాపురం ఉంటున్నాడని తేలింది. లేటు అనే పెద్దమనిషి ఊరికి వందమంది చొప్పున నిక్షేపంగా బతికి ఉన్నాడు, బియ్యం కూడా తీసుకుంటున్నాడు. జిల్లా జనాభా చూస్తూ చూస్తూ మూడింతలైంది. అతి తక్కువ కాలంలో అత్యధిక జనాన్ని నమోదు చేసినందుకు మండలికి వెండి పళ్ళెం బహుమతిగా వచ్చింది. మూడింతల జనానికి మూడింతల నిధులూ వచ్చాయి. పురంజయరావు గారు మాత్రం తన ఇంటిపేరు రాసుకోవడం నిశ్శబ్దంగా మానేశారు.

రాఘవులు పేరు అంత పొడుగవడానికి వాళ్ళమ్మ కారణం. ఆవిడకి పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, కనిపించిన ప్రతి గుడిలోనూ కొంగు పరిచి మొక్కింది. ఎవరు విని ఇతణ్ణి బతకనిచ్చారో తెలియక, ఎవరికీ కోపం రాకుండా అందరి పేర్లూ పెట్టేసింది. మంగతాయారు తండ్రి మాటకి కూడా పొదుపరి. ఒక్క పేరు పెట్టి ఊరుకున్నాడు. అందుచేత ఆ ఇంట్లో ముక్కలవకుండా మిగిలింది ఆవిడొక్కతే.

మండలి ఆఫీసులో మొదట ప్రవల్లిక అనే అమ్మాయి దగ్గరికి పంపారు. యంత్రానికి ఎక్కడ కొయ్యాలో రాసిపెట్టిన అమ్మాయి ఆవిడే. రాఘవులు చెప్పిందంతా వింది. వినకముందే ఆవిడకి తెలుసు.

"కామాలున్న పాత ప్రతి నా దగ్గరుందండీ. ఒక్క లైను మారిస్తే మీరు మళ్ళీ ఒక్కరైపోతారు," అంది గొంతు తగ్గించి.

"మరి మార్చండమ్మా. పుణ్యముంటుంది."

"మారిస్తే జిల్లాలో మూడింట రెండొంతుల జనం మాయమైపోతారండీ. వెండి పళ్ళెం తిరిగిచ్చేయాలి. నేను అడిగాను. అడిగినందుకు మెమో ఇచ్చారు." అని తెరవైపు తిరిగిపోయింది.

డైరెక్టరు గారు మాత్రం చాలా మర్యాదగా మాట్లాడారు. రాఘవుల్ని కూర్చోమనలేదు. ఎందుకంటే కుర్చీ ఒక్కటే ఉంది, అయిదుగురిలో ఒకరిని కూర్చోబెట్టి మిగతావారిని నిలబెట్టడం వివక్ష అవుతుందట.

"చూడండి రాఘవులు గారూ, మరియు తదితరులూ. మీ అందరి అభ్యర్థన పరిశీలనార్హమే. కాని యంత్రం ఒకసారి ఖండించిన దానిని మానవమాత్రులు అతికించజాలరు."

"పేర్ల మధ్య ఖాళీ తీసేసి కలిపి రాసేసుకుంటానండి. అన్నీ ఒకటే పేరుగా."

పురంజయరావు గారి ముఖం గంభీరమైంది. "ఆ ఖాళీలు ఇప్పుడు ప్రభుత్వ రికార్డులో ఉన్నవి. అవి ప్రభుత్వ ఖాళీలు. వాటిని ఆక్రమించుట నేరము. మీరు అడిగితిరి గనుక చెప్పితిని, చేసియుండిన నోటీసు ఇచ్చియుండెడివాడను."

"మరి నా కన్నో అండి?"

"క్షేత్రస్థాయి పరిశీలన జరుగుతుంది," అని బెల్లు కొట్టారు.

పరిశీలనకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచివాడే, కాఫీ అడిగి తాగాడు. అయిదుగురినీ వరసగా పిలిచి సంతకాలు తీసుకోమని అతనికి ఆదేశం. "వాసంశెట్టి," అని పిలిచాడు. రాఘవులు ముందుకొచ్చాడు. "వెంకట," అన్నాడు. రాఘవులు అక్కడే ఉన్నాడు.

"అలా కాదండి. ఒకాయన లోపలికెళ్తే ఇంకొకాయన రావాలి. పద్ధతి ఉంటది కదండి."

రాఘవులుకి ఒళ్ళు మండింది. కానీ కన్ను గుర్తొచ్చింది. లోపలికెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు. మళ్ళీ వెళ్ళి తువ్వాలు కప్పుకుని వచ్చాడు. సత్య వంతు వచ్చేసరికి ఉతికిన చొక్కాలు అయిపోయి మంగతాయారు దుప్పటి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు ఎంతో సంతృప్తిపడి, 'అయిదుగురూ హాజరు. అందరిదీ ఒకే పోలిక. కవలలు కాబోలు. ఇంట్లో పొత్తు బాగున్నది' అని రాసుకుని పోయాడు.

"ఒక్కడివని చెప్పుకునే దారి కూడా పోగొట్టుకున్నావు కదయ్యా," అని ఎదురింటి ముసలాయన అరుగుమీంచి నవ్వాడు. రాఘవులు నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు రాసింది ఇప్పుడు రుజువైపోయింది. ఇంతకుముందు తప్పు యంత్రం ఒక్కదానిదే. ఇప్పుడు తను కూడా అందులో సంతకాలు పెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

పరిశీలన పూర్తయింది గనుక ఫైలు ఆసుపత్రి వైద్య సంఘం ముందుకి వెళ్ళింది. మండలి తరఫున పురంజయరావు గారు కూడా వేంచేశారు. ముగ్గురు డాక్టర్లు రాఘవులు కంట్లో దీపం వేసి చూశారు, శుక్లం ముదిరింది, త్వరగా తియ్యకపోతే కన్ను దక్కదు అన్నారు. అంతవరకూ అందరూ ఒకటే మాట. ఆ తర్వాత పురంజయరావు గారు కాగితం మీద ఏదో లెక్కవేసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"లబ్ధిదారులు అయిదుగురు. వారందరి వద్దా కలిపి ఉన్న నేత్రములు రెండు. తలసరి నేత్రము సున్నా పాయింటు నాలుగు. అనగా మనిషికి నలభై శాతం కన్ను. పథకం మార్గదర్శకాల ప్రకారం కనీసం ఒక పూర్తి కన్ను కలిగియున్నవారే శస్త్రచికిత్సకు అర్హులు. నలభై శాతం కన్నుకి ఆపరేషను చేయు పద్ధతి వైద్యశాస్త్రంలో ఉన్నదా డాక్టరు గారూ?"

పెద్ద డాక్టరు కాసేపు ఆలోచించి, "పాఠ్యపుస్తకాల్లో అయితే లేదండి," అన్నాడు. ఆయనకి ఆ ఏడాదే పదోన్నతి రావాలి.

"నాకు రెండు కళ్ళున్నాయండీ బాబూ. ఇవిగో, మొహం మీదే ఉన్నాయి. చూసుకోండి," అన్నాడు రాఘవులు.

"కళ్ళున్నవి. కాదనుట లేదు. అవి ఎవరివి అన్నదే ప్రశ్న," అన్నారు పురంజయరావు గారు.

గదిలో అందరూ తలలూపారు. చదువుకున్నవాళ్ళు ఒకచోట చేరి తలలూపితే దాన్ని తీర్మానం అంటారు. కొట్టు మూసేస్తే ఏం చెయ్యాలో రాఘవులుకి తెలియదు. వేరే పని రాదు, వేరే పని నేర్చుకోవడానికి కావలసిన కన్ను కూడా ఇదే. అతను సిగ్గు విడిచి ఆ బల్ల ముందు చేతులు జోడించాడు.

పురంజయరావు గారు కరిగారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు దణ్ణం పెడితే కరుగుతారు, దణ్ణం పెట్టేదాకా కరగరు. "ఒక మార్గం ఉన్నది," అన్నారు. "జననం మా యంత్రం వల్ల జరిగినది గనుక దానిని రద్దు చేయలేము. మరణానికి మాత్రం దరఖాస్తు స్వీకరిస్తాము. మీలో నలుగురు కాలధర్మం చెందినచో మిగిలినవారు నిరభ్యంతరంగా చికిత్స పొందవచ్చును."

ఇంటికి వచ్చాక మంగతాయారు దరఖాస్తు కాగితాలని పక్కకి నెట్టేసింది. చావు కాగితాల మీద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. ఆవిడే పెట్టాలి.

"నా మొగుడు పోయాడని నేను సంతకం పెట్టాలా? అదీ నాలుగుసార్లు. నావల్ల కాదు," అంది.

"నేను పోవట్లేదు మంగా. పేర్లు పోతున్నాయి."

"ఆ పేర్లు ఊరికే వచ్చాయా? మీ అమ్మ ఎన్ని గుళ్ళ ముందు పొర్లితే వచ్చాయి? ఆవిడుంటే ఒప్పుకునేదా?"

చిన్నప్పుడు రాఘవులుకి జ్వరమొస్తే వాళ్ళమ్మ పక్కన కూర్చుని అతని పేరు మొత్తం చదివేది. ఒక్క ముక్క మరిచిపోతే ఆ దేవుడు అలిగి లేచిపోతాడేమోనని ఆవిడ భయం. అంత భయంతో పెట్టిన పేర్లని ఇప్పుడు తనే చంపుకుంటున్నాడు. అమ్మ లేదు గనుక సరిపోయింది అనుకున్నాడు, అనుకున్నందుకు ఇంకా బాధపడ్డాడు. ఊరంతా రాఘవులనే పిలుస్తుంది గనుక రాఘవుల్ని ఉంచుకున్నారు. మంగతాయారు ముఖం పక్కకి తిప్పుకుని, బరబరా నాలుగు సంతకాలూ గీకేసింది. మరణకారణం అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేస్తే, మండలిలో గుమాస్తా తనే 'శాఖాపరం' అని నింపుకున్నాడు.

ఆ తర్వాత పనులు ఎంత చకచకా జరిగాయంటే, ప్రభుత్వం మీద కాస్త గౌరవం ఉన్నవాళ్ళు కంగారు పడేవాళ్ళు. రాఘవులుకి ఆపరేషను తేదీ వచ్చింది. ఆ ఉదయం ఆసుపత్రిలో ఆకుపచ్చ గౌను తొడిగారు, నెత్తికి టోపీ పెట్టారు, కంట్లో చుక్కలు వేసి మంచం మీద పడుకోబెట్టారు. రాఘవులు మంగతాయారు చెయ్యి పట్టుకుని పడుకున్నాడు. ఇన్నాళ్ళకి గుండె కొంచెం కుదుటపడింది.

అప్పుడు ఒక కుర్రడాక్టరు చేతిలో ఐసుపెట్టెతో వచ్చాడు. నేత్రబ్యాంకు నుంచి వచ్చానని వినయంగా చెప్పాడు.

"వాసంశెట్టి గారు, వెంకట గారు, నాగ గారు, సత్య గారు పోయారని మండలి నుంచి సమాచారం వచ్చిందండీ. చాలా బాధపడుతున్నాం. వాళ్ళ కళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చాను."

మంగతాయారుకి అర్థం కాలేదు. "ఏ కళ్ళు?"

అతను కాగితం చూపించాడు. లెక్క మండలిదే. మనిషికి నలభై శాతం చొప్పున నలుగురికీ కలిపి ఒకటీ పాయింటు ఆరు కళ్ళు. ముక్క కళ్ళని ప్రభుత్వం గుర్తించదు గనుక దగ్గరి పూర్తి అంకెకి సవరించగా రెండు. పోయినవాళ్ళవి రెండు కళ్ళు. ఇక బతికున్న రాఘవులుకి మిగిలింది సున్నా పాయింటు నాలుగు. అదీ దగ్గరి పూర్తి అంకెకే సవరించారు. సున్నా.

ఇంతలో నర్సు వచ్చి, మంచానికి తగిలించిన చీటీ తీసేసింది. "మీ ఆపరేషను రద్దయిందండి. మీకు కళ్ళు లేవని పైనుంచి వచ్చింది. కళ్ళు లేనివాళ్ళకి శుక్లం ఉండదు కదండీ."

రాఘవులు మంచం మీద లేచి కూర్చున్నాడు. చుక్కలు వేసిన కంటికి ఐసుపెట్టె ఒక తెల్లటి ముద్దలా కనిపిస్తోంది. అది తన వైపే వస్తున్నట్టు అనిపించి రెండు చేతులతో రెండు కళ్ళూ మూసుకున్నాడు. కుర్రడాక్టరు కూడా బిత్తరపోయాడు. పాపం, అతను చదువుకున్న చదువులో పోయినవాళ్ళు లేచి కూర్చోరు.

వార్త విని పురంజయరావు గారు స్వయంగా వచ్చారు. యంత్రం పుట్టించినవాళ్ళు చచ్చిపోయి కూడా దేశానికి ఉపయోగపడుతున్నారని ఆయనకి కళ్ళు చెమర్చాయి. "నలుగురు సోదరులూ ధన్యులు. సభ ఏర్పాటు చేయిద్దాము," అన్నారు.

"ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే తీస్తామండీ," అన్నాడు కుర్రడాక్టరు గోడకి ఆనుకుని. "బలవంతం లేదు. నిబంధన అది."

మంగతాయారు ఆ మాట దగ్గర తలెత్తింది. ఇన్నాళ్ళుగా వీళ్ళు మాట్లాడేది విని విని ఆవిడకి వీళ్ళ భాష పట్టుబడింది. కోపం తగ్గించుకుని, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఒప్పుకోకపోతే ఆ కళ్ళు ఎవరికి చెందుతాయండి?"

"మృతుల ఆస్తి వారసులకు సంక్రమిస్తుంది," అన్నారు పురంజయరావు గారు. నిబంధన అడిగితే ఆయన నిద్రలోనైనా చెప్తారు. "మరణపత్రాల మీద ఇంటివారిగా సంతకం చేసినది మీరొక్కరే గనుక రికార్డు ప్రకారం వారసురాలు మీరే."

"అంటే ఆ రెండు కళ్ళూ ఇప్పుడు నావి."

"నిస్సందేహంగా."

"నాకూ కార్డు నంబరుంది. నేను ఒక్కదాన్నే మనిషిని, మీ యంత్రం కూడా ఒప్పుకుంది. నా కళ్ళల్లో ఒకదానికి శుక్లం వచ్చింది. ఆపరేషను చెయ్యండి."

పురంజయరావు గారు సంచిలోంచి మార్గదర్శకాల పుస్తకం తీసి, వెనక నుంచి ముందుకీ ముందు నుంచి వెనక్కీ తిరగేశారు. ఆయన చెడ్డవాడు కాదు, అంతకంటే ప్రమాదకరమైనవాడు. నిబంధనలో ఉంటే కన్ను పీకిస్తాడు, నిబంధనలో ఉంటే కన్ను పెట్టిస్తాడు. చివరికి పుస్తకం మూశారు.

"కన్ను యజమాని ముఖంలోనే ఉండవలెనని నిబంధనల్లో ఎక్కడా లేదు," అన్నారు.

అలా ఆపరేషను జరిగింది. చీటీ మీద రోగి పేరు మంగతాయారు. రాఘవులు పేరు 'కన్ను ప్రస్తుతం భద్రపరచబడిన స్థలం' అన్నచోట రాశారు. ఆవిడ బయట బల్లమీద కూర్చుంటే, ఆపరేషను అయినవాళ్ళకిచ్చే బ్రెడ్డూ పాలూ తెచ్చి ఆవిడకే ఇచ్చారు. కట్టు విప్పాక రాఘవులు చాలాసేపు కిటికీ వైపు చూశాడు, తర్వాత భార్య ముఖం చూశాడు. ముఖం మీద ముడతలు ఎప్పుడొచ్చాయో తనకి తెలియనే తెలియలేదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు వచ్చింది. కంట్లో నీళ్ళు పెట్టుకోకూడదని నర్సు మంగతాయారునే కోప్పడింది.

కొట్టు మళ్ళీ తెరిచాడు. జనం మొహమాటంగానే గడియారాలు తిరిగి తెచ్చిచ్చారు. పని చేతికి పట్టుబడుతోంది అనుకుంటుండగా మండలి నుంచి మంగతాయారు పేర కవరొకటి వచ్చింది. ఆవిడ భోజనం కారియరుతో పాటు దాన్ని కొట్టుకి తెచ్చి అతని చేతికిచ్చింది. రాఘవులు కవరు చింపి, భూతద్దం కూడా పెట్టుకోకుండా గడగడా చదివేశాడు.

"ఏం రాశారు?" అంది ఆవిడ కారియరు విప్పుతూ.

"నీ దగ్గర నాలుగు కళ్ళున్నాయట. మనిషికి రెండే ఉండాలట, మిగతావి పరిమితికి మించిన ఆస్తి కింద ప్రభుత్వానికి అప్పగించాలట. ఏ రెండు ఇస్తావో రాసి పంపమన్నారు."

మంగతాయారు అన్నంలో పులుసు పోసి అతని ముందుకి జరిపింది.

"మీవి నేనివ్వను. నావి రెండూ ఆ డైరెక్టరుగారికే పెట్టుకోమని రాయండి," అంది. "ఎదురుగా నిలబడ్డ మనిషి ఆయనకి ఒక్కసారైనా కనపడాలి."